స్కూల్లో రాత్రంతా గేమింగ్ పెట్టి పిల్లల ఆసుపత్రికి విరాళాలు పోగు చేయాలంటే

సెప్టెంబర్ వస్తే చాలు, అమెరికాలోని తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే ప్రశ్న. "మా వాడు స్కూల్లో రాత్రంతా వీడియో గేమ్స్ ఆడి పిల్లల ఆసుపత్రికి డబ్బులు పోగు చేస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా? ఏమేం కావాలి?" నిరభ్యంతరంగా ఒప్పుకోండి. హైస్కూల్ పిల్లలు సొంతంగా నడపగలిగే మంచి పనుల్లో ఇదొకటి. పిల్లల ధ్యాసంతా ఏ గేమ్స్ పెట్టాలన్న దాని మీదే ఉంటుంది. ఈ కార్యక్రమం చెడిపోయేది మాత్రం కరెంటు దగ్గర, పాస్‌వర్డుల దగ్గర, అనుమతుల దగ్గర, పొద్దున్నే ఇంటికి వెళ్ళే కార్ల దగ్గర. అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. డబ్బు ఆ రాత్రి రాదు, అంతకు ముందు మూడు వారాల్లో వస్తుంది. విరాళాల పేజీని ఈవెంట్ రోజున తెరిచిన టీముకు పిజ్జా ఖర్చు కూడా రాదు. ఆ రాత్రిని అప్పటికే కష్టపడి పోగు చేసిన పిల్లలకు దక్కే పండగ అనుకుని ప్లాన్ చేయండి.

ఏమేం కావాలి

- స్కూల్లో ఒక క్లబ్బు, దానికి స్పాన్సర్‌గా ఉండే టీచరు. ఈ-స్పోర్ట్స్ క్లబ్, కీ క్లబ్ (విద్యార్థుల సేవా క్లబ్బు), స్టూడెంట్ కౌన్సిల్, ఏదైనా సరే.
- రాత్రి మొత్తం మేలుకునే పెద్దలు. ప్రతి పదిమంది పిల్లలకు ఒకరు చొప్పున, ఏ సమయంలోనైనా ముగ్గురికి తక్కువ కాకుండా.
- ఒక పెద్ద హాలు (కెఫెటీరియా అయితే మేలు, జిమ్ రెండో పక్షం), పడుకోవడానికి అబ్బాయిలకు, అమ్మాయిలకు వేర్వేరు గదులు.
- కన్సోళ్ళు, టీవీలు, హెచ్‌డీఎంఐ కేబుళ్ళు, సర్జ్ ప్రొటెక్టర్లు, పేరు రాసి అంటించడానికి మాస్కింగ్ టేపు.
- ఆన్‌లైన్ విరాళాల పేజీ.
- ఎనిమిది నుంచి పది వారాల ముందుచూపు.

1. డబ్బు ఎవరికి వెళ్తుందో తేల్చుకోండి

స్కూళ్ళలో చాలామంది ఎక్స్‌ట్రా లైఫ్ అనే గేమింగ్ విరాళాల కార్యక్రమం ద్వారా చేస్తారు. ఇది 2008లో మొదలైంది. లుకేమియా (రక్త క్యాన్సర్)తో చనిపోయిన విక్టోరియా అనే అమ్మాయి జ్ఞాపకంగా గేమర్లే పెట్టుకున్నారు. వచ్చిన విరాళాలు చిల్డ్రన్స్ మిరకిల్ నెట్‌వర్క్ హాస్పిటల్స్‌లో మీరు ఎంచుకున్న ఆసుపత్రికి వెళ్తాయి. రిజిస్ట్రేషన్ ఉచితం, టీము పేజీ పెట్టుకోవచ్చు, ఎంత పోగైందో అందరికీ కనిపిస్తుంది. ఆసుపత్రుల్లోని పిల్లలకు ఆట వస్తువులు, గేమ్స్ అందించే చైల్డ్స్ ప్లే అనే సంస్థ కూడా ఉంది. 2003లో మొదలైంది.

ఏదైనా ఒకటే ఎంచుకోండి. "సగం ఆసుపత్రికి, సగం మా క్లబ్బు కొత్త కంప్యూటర్లకి" అని పెడితే అడిగినవాళ్ళకి సమాధానం చెప్పడం కష్టం, ఇచ్చేవాళ్ళకి నమ్మకం తగ్గుతుంది. క్లబ్బు కోసం కావాలంటే వేరే రోజు కార్ వాష్ పెట్టుకోవచ్చు.

2. స్కూలు అనుమతి, రాతపూర్వకంగా

పిల్లలు ప్రిన్సిపాల్ దగ్గరికి "గేమింగ్ నైట్ పెట్టుకోవచ్చా" అని వెళ్తే కాదనే అంటారు. ఒక పేజీ కాగితంతో వెళ్ళాలి. అందులో తేదీ, వేళలు, ఎంతమంది పిల్లలు, పెద్దలు ఎవరు, ఏ రేటింగ్ గేమ్స్, డబ్బు ఎలా వెళ్తుంది, తెల్లారి పిల్లలు ఎలా ఇంటికి వెళ్తారు, ఈ ఏడూ ఉండాలి. పెద్దవాళ్ళు పక్కన కూర్చోండి గానీ మాట్లాడనివ్వాల్సింది పిల్లల్నే.

ఒప్పుకున్నాక అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. రాత్రి హీటింగ్ ఆగిపోతుందా? చాలా బిల్డింగుల్లో సాయంత్రానికి దానంతట అదే ఆగిపోతుంది, నవంబర్‌లో అర్ధరాత్రికి హాలు చల్లబడిపోతుంది. కారిడార్లలో అలారం ఉందా? బాత్రూమ్‌కి వెళ్ళిన పిల్లాడు అలారం మోగిస్తే పోలీసులు వస్తారు. కస్టోడియన్ (బిల్డింగు చూసుకునే ఉద్యోగి) ఓవర్‌టైమ్ ఎవరు కట్టాలి? ఇన్సూరెన్స్ కాగితం కావాలా? వీటికి జవాబులు ఈమెయిల్‌లో తీసుకోండి.

స్కూలు రాత్రికి ఒప్పుకోకపోతే నిరాశపడొద్దు. శనివారం పొద్దున 10 నుంచి రాత్రి 10 దాకా పెట్టండి. విరాళాలు తగ్గవు, పెద్దలు దొరకడం సులువు. మిడిల్ స్కూల్ పిల్లలైతే నేను అసలు ఇదే పెట్టమంటాను.

3. తేదీ

ఎక్స్‌ట్రా లైఫ్ గేమ్ డే సాధారణంగా నవంబర్ మొదట్లో వస్తుంది, కానీ మీకు వీలైన ఏ రోజైనా చేయవచ్చు. దీపావళి, ఎస్‌ఏటీ (కాలేజీ ప్రవేశ) పరీక్ష, స్కూల్లో జరిగే హోమ్‌కమింగ్ వేడుక చూసుకుని పెట్టండి.

నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు గడియారం వెనక్కి 1కి జరుగుతుంది. శనివారం రాత్రి పెడితే మీ రాత్రి ఒక గంట పెరుగుతుంది. పిల్లలకు సంబరమే, డ్యూటీ షీటు మాత్రం తారుమారవుతుంది. "1:30 నుంచి 3:30" అని రాస్తే ఏ 1:30? ఆ రాత్రి 1:30 రెండుసార్లు వస్తుంది. అందుకని షిఫ్టులకు "మొదటి షిఫ్టు మూడు గంటలు, రెండో షిఫ్టు మూడు గంటలు" అని రాయండి.

4. పెద్దలు

చాలా డిస్ట్రిక్టుల్లో వలంటీర్లకు బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పనిసరి. అది రావడానికి రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. నెల ముందే దరఖాస్తు పెట్టించండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మనో తాతయ్యనో తోడుగా కూర్చోబెడదామనుకుంటే, ఏ ఐడీ ఒప్పుకుంటారో ముందే ఆఫీసులో కనుక్కోండి. ఆ రాత్రి గేటు దగ్గర తేలే విషయం కాదిది.

అందరూ రాత్రి 8 నుంచి 11 వరకు వస్తామంటారు. 2 నుంచి 5 వరకు ఎవరూ రారు. సైన్-అప్ షీటులో ఆ అర్ధరాత్రి షిఫ్టునే ముందు నింపండి, అది నిండాకే మిగతావి తెరవండి. ఇంకో సంగతి, పెద్దలు కూర్చుని ఫోన్ చూసుకుంటే సరిపోదు. ఒకరు తలుపు దగ్గర, ఒకరు పడక గదుల వైపు, ఒకరు హాల్లో తిరుగుతూ ఉండాలి.

5. విరాళాల పేజీ, కంపెనీ మ్యాచింగ్

మూడు వారాల ముందు టీము పేజీ తెరవండి. ప్రతి పిల్లాడికి సొంత పేజీ ఉండాలి, ఎందుకంటే మావయ్య ఇచ్చేది మేనల్లుడి ముఖం చూసి. 18 ఏళ్ళ లోపువాళ్ళ రిజిస్ట్రేషన్ తల్లిదండ్రులు పక్కనుండి చేయించాలి. పిల్లలు గ్రూపులో లింకు పడేసి ఊరుకుంటారు, దానికి ఎవరూ కదలరు. ఒక్కొక్కరికి పేరు పెట్టి, "పిన్నీ, నేను ఫలానా రోజు రాత్రంతా ఆడుతున్నాను, మన ఊళ్ళోని పిల్లల ఆసుపత్రి కోసం. 21 డాలర్లు ఇస్తావా?" అని అడిగితే ఇస్తారు. అంకె చెప్పి అడగడం ముఖ్యం. మనవాళ్ళు 51, 101, 116 ఇవ్వడానికి అలవాటు పడ్డవాళ్ళు కదా, పేజీలో అవే అంకెలు రాయించండి.

ఇక అసలైన డబ్బు కంపెనీ మ్యాచింగ్‌లో ఉంది. మనలో చాలామంది ఐటీ కంపెనీల్లో ఉన్నాం. ఉద్యోగి విరాళం ఇస్తే అంతే మొత్తం తామూ కలిపే కంపెనీలు చాలా ఉన్నాయి. 101 ఇస్తే ఆసుపత్రికి 202 చేరుతుంది. వలంటీరుగా గడిపిన గంటలకు డబ్బు ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి, అంటే మీరు తెల్లవారుజామున తలుపు దగ్గర కూర్చున్న మూడు గంటలకు కూడా విలువ కట్టవచ్చు.

ఇందులో అందరూ చేసే తప్పులు రెండు. మొదటిది, డబ్బు పంపే యాప్‌లైన జెల్‌లోనో, వెన్మోలోనో ఒకరి సొంత ఖాతాకి పంపించడం. అలా చేస్తే మ్యాచింగ్ రాదు, ట్యాక్స్ రసీదు రాదు, పైగా పోగుచేసినవాళ్ళ మీద లేనిపోని అనుమానాలు. ప్రతి డాలరూ సంస్థ పేజీలోనే పడాలి. రెండోది, మ్యాచింగ్ దానంతట అదే వస్తుందనుకోవడం. ఎక్కువ కంపెనీల్లో ఉద్యోగి పోర్టల్‌లోకి వెళ్ళి రసీదు పెట్టి అడగాలి. కాబట్టి విరాళం ఇచ్చిన ప్రతి ఒక్కరికీ పిల్లలు మరునాడు "థాంక్యూ బాబాయ్, మీ కంపెనీ మ్యాచ్ చేస్తుందేమో ఒకసారి చూస్తారా" అని మెసేజ్ పెట్టాలి.

తిండి ఖర్చు వేరు, విరాళం వేరు. పిజ్జాకి తలా 10 డాలర్లు తీసుకుంటే అది క్లబ్బు ఖాతాలోకి, దాన్ని విరాళం అనకండి. రాఫెల్ (టికెట్లు అమ్మి లాటరీ తీయడం) పెట్టాలనుకుంటే మీ రాష్ట్ర నిబంధనలు చూడండి. రాఫెల్ టికెట్ కొన్న డబ్బుకి ట్యాక్స్ మినహాయింపు కూడా ఉండదు.

కనీసం ఇంత పోగు చేస్తేనే రానిస్తాం అన్న షరతు పెట్టకండి. ఇంట్లో డబ్బుకి ఇబ్బందిగా ఉన్న పిల్లాడు అది చూసి మాట్లాడకుండా తప్పుకుంటాడు. టేబుళ్ళు సర్దడం, కేబుళ్ళు లాగడం, స్కోరు రాయడం కూడా విరాళంలో భాగమేనని ఫారంలోనే రాయండి.

6. అనుమతి పత్రం

తల్లిదండ్రుల సంతకం, ఇద్దరి ఫోన్ నంబర్లు, అలర్జీలు, మందులు. రాత్రి స్కూల్ నర్సు ఉండరు కాబట్టి ఇన్‌హేలర్, ఎపిపెన్ (తీవ్రమైన అలర్జీకి వేసే ఇంజెక్షన్) ఎవరి దగ్గర ఉంటాయో రాయించండి. మూర్ఛ ఉన్నవాళ్ళలో కొందరికి మెరిసే కాంతి వల్ల ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది, ఆ ప్రశ్న విడిగా అడగండి. ఆన్‌లైన్‌లో లైవ్ ఇచ్చే ఆలోచన ఉంటే దానికి వేరే సంతకం. నా సలహా, గేమ్ స్క్రీన్ మాత్రమే చూపండి. పిల్లల ముఖాలు, పేర్లు వద్దు.

7. గేమ్స్ ఎంపిక

రేటింగ్ దగ్గర గొడవ రాకుండా ముందే గీత గీయండి. హైస్కూల్‌కి టీ రేటింగ్ (13 ఏళ్ళు, ఆ పైవారికి) వరకు, మిడిల్ స్కూల్‌కి ఈ 10 ప్లస్ (10 ఏళ్ళు, ఆ పైవారికి) వరకు. ఎం రేటింగ్ 17 ఏళ్ళు, ఆ పైవారికి. "మా ఇంట్లో ఆడనిస్తారు" అన్న వాదన ఇక్కడ చెల్లదు.

ఒకే కన్సోల్ మీద ఎక్కువమంది ఆడేవి తెచ్చుకోండి. సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌లో ఎనిమిదిమంది దాకా ఆడొచ్చు, మారియో కార్ట్ 8 డీలక్స్‌లో ఒక టీవీ మీద నలుగురు. గేమింగ్ రానివాళ్ళ కోసం జస్ట్ డ్యాన్స్ ఒక మూల పెట్టండి, నిద్ర ముంచుకొచ్చే వేళ పిల్లల్ని లేపి నిలబెట్టేది అదే. క్యారమ్స్, చదరంగం కూడా ఉంచండి. తెల్లవారుజామున స్క్రీన్ చూడలేక వాటి చుట్టూ చేరేవాళ్ళు ఉంటారు.

టోర్నమెంట్‌కి లెక్క ముందే వేసుకోవాలి. 32 మందితో ఒకసారి ఓడితే అవుటయ్యే పద్ధతిలో 31 మ్యాచ్‌లు. రెండుసార్లు ఓడితే అవుటయ్యే పద్ధతిలో 62 లేదా 63. మ్యాచ్‌కి పది నిమిషాలు, నాలుగు టీవీలు అంటే రెండున్నర గంటల పైమాటే. పిల్లలు గంటలో అయిపోతుందంటారు, నమ్మకండి. నింటెండో గేమ్స్‌తో పెడితే ఆ కంపెనీ 2023లో ఇచ్చిన కమ్యూనిటీ టోర్నమెంట్ నిబంధనలు చదవండి. ప్రవేశ రుసుము, బహుమతులు, స్పాన్సర్ల మీద అందులో పరిమితులున్నాయి.

8. కరెంటు

ఇక్కడ తొందర వద్దు. అమెరికాలో స్కూలు గోడ ప్లగ్గులు 120 వోల్టులవి, ఒక్కో సర్క్యూట్ (ఒకే బ్రేకర్ మీద ఉండే ప్లగ్గులన్నీ) 15 లేదా 20 ఆంప్స్. గంటల తరబడి నడిచే లోడుకి అందులో 80 శాతమే వాడాలి. అంటే 15 ఆంప్స్‌కి 1440 వాట్లు, 20 ఆంప్స్‌కి 1920 వాట్లు.

పీఎస్5 ఆట నడుస్తున్నప్పుడు సుమారు 200 వాట్లు తీసుకుంటుంది. టీవీకి ఇంకో 120 అనుకోండి. ఒక సెట్టుకి 320. కాగితం మీద 20 ఆంప్స్ సర్క్యూట్‌కి ఆరు సెట్లు పడతాయి, మీరు నాలుగే పెట్టండి. ఫోన్ ఛార్జర్లు, స్పీకర్లు, ఎవరో తెచ్చే చిన్న హీటరు, ఇవన్నీ లెక్కలో లేనివి. గేమింగ్ పీసీ, మానిటర్ కలిసి 500 వాట్లు దాటొచ్చు, కాబట్టి 20 ఆంప్స్ సర్క్యూట్‌కి మూడు, 15 ఆంప్స్‌కి రెండు మించొద్దు. నింటెండో స్విచ్‌కి 20 వాట్లు కూడా పట్టదు. కరెంటు చాలని హాలైతే స్విచ్‌లే ఎక్కువ తెప్పించండి.

ఒక గోడకి నాలుగు ప్లగ్గులున్నాయంటే నాలుగు సర్క్యూట్లున్నట్టు కాదు. గది మొత్తం ఒకే బ్రేకర్ మీద ఉండొచ్చు. కస్టోడియన్‌ని అడిగి ఏ ప్లగ్గు ఏ బ్రేకరుదో తెలుసుకుని, ప్లగ్గు పక్కన టేపు మీద ఆ నంబరు రాయండి. మైక్రోవేవ్, కాఫీ మెషీన్, పాప్‌కార్న్ మెషీన్ వేరే గదిలో, వేరే సర్క్యూట్ మీద. గేమ్స్ మధ్యలో ఆగిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఎవరో మైక్రోవేవ్ ఆన్ చేయడమే.

పవర్ స్ట్రిప్‌కి ఇంకో పవర్ స్ట్రిప్ తగిలించొద్దు. నడిచే దారిలో వైరు ఉంటే పైన కవరు వేయండి. జిమ్‌లోని చెక్క నేల మీద స్కూలుని అడక్కుండా ఏ టేపూ అంటించొద్దు, ఊడేటప్పుడు పాలిష్ లేచి వస్తుంది.

సరిచూసుకోవడం ఇలా. వారం ముందు ఒక సాయంత్రం ఒక సర్క్యూట్‌కి అనుకున్న సెట్లన్నీ పెట్టి, మెనూ స్క్రీన్ మీద వదలకుండా నిజంగా గేమ్ ఆడుతూ అరగంట నడపండి. తర్వాత ప్లగ్గులు చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. వేడిగా ఉంటే ఒక సెట్టు తీసేయండి, ఆ స్ట్రిప్ మార్చండి.

9. ఇంటర్నెట్, లాగిన్లు

స్కూలు వైఫైలో ఫిల్టర్ ఉంటుంది, గేమ్ సర్వర్లు చాలావరకు తెరుచుకోవు. స్కూలు ఐటీ వాళ్ళు ఆ ఒక్క రాత్రికి తెరుస్తారేమో అడగండి, కానీ దాన్ని నమ్ముకోవద్దు. ఇంటర్నెట్ లేకుండా ఆడే గేమ్స్‌తోనే ప్లాన్ చేయండి.

అందరికీ తగిలే దెబ్బ ఒకటుంది. ఇంట్లో చక్కగా ఆడిన గేమ్ స్కూల్లో తెరుచుకోదు. డిజిటల్‌గా కొన్న గేమ్ అయితే ఆ కన్సోల్ ఆ అకౌంట్‌కి ప్రధాన కన్సోల్‌గా సెట్ అయి ఉండాలి. పీఎస్5లో కన్సోల్ షేరింగ్, ఆఫ్‌లైన్ ప్లే అని ఉంటుంది, ఎక్స్‌బాక్స్‌లో హోమ్ ఎక్స్‌బాక్స్ అంటారు. లేదంటే నెట్ లేనప్పుడు గేమ్ తాళం వేసుకుని కూర్చుంటుంది. అదీ కాకపోతే లాగిన్ అడుగుతుంది, ఆ ఓటీపీ ఇంట్లో నిద్రపోతున్న నాన్న ఫోన్‌కి వెళ్తుంది.

దీనికి మందు, ముందురోజు ఇంట్లో అన్ని అప్‌డేట్లు దించి, వైఫై పూర్తిగా ఆపేసి, కన్సోల్‌ని ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టి, గేమ్ తెరుచుకుంటుందో లేదో చూడటమే. తెరుచుకుంటేనే స్కూలుకి తేవాలి. డిస్క్ ఉంటే డిస్క్ తెచ్చుకోండి.

వచ్చిన ప్రతి వస్తువు మీదా టేపు వేసి పేరు రాయండి. కన్సోల్, కేబుల్, కంట్రోలర్, అన్నిటి మీదా. తలుపు దగ్గర ఒక షీటులో పిల్లాడి పేరు, వస్తువులు, సీరియల్ నంబరు. వెళ్ళేటప్పుడు అదే షీటు మీద సంతకం. పొద్దున 6 గంటలకు ఒకేలా ఉండే ఇరవై నల్ల కంట్రోలర్లలో తనదేదో ఎవరూ చెప్పలేరు.

10. తిండి

చాలా స్కూళ్ళు ఇంట్లో వండినవి ఒప్పుకోవు. పులిహోర చేసి తెస్తానని మాటిచ్చే ముందు అడగండి. కాదంటే లైసెన్సున్న రెస్టారెంట్ నుంచి తెప్పించవచ్చు.

వెజ్ పిజ్జా దగ్గర జరిగేది ప్రతిచోటా ఒకటే. తక్కువ తెప్పిస్తారు, మాంసం తినేవాళ్ళు కూడా ముందు దాన్నే పట్టుకుంటారు, శాకాహారులు వరుసలోకి వచ్చేసరికి పెప్పరోనీ మిగులుతుంది. శాకాహారుల లెక్కకి సగం కలిపి తెప్పించి, వేరే టేబుల్ మీద పెట్టి, వాళ్ళనే ముందు పిలవండి. గమ్మీలు, మార్ష్‌మాలోలలో సాధారణంగా జెలటిన్ (జంతువుల నుంచి తీసే పదార్థం) ఉంటుంది, పక్కన రాసి పెట్టండి. వేరుశనగ, జీడిపప్పు, బాదం పూర్తిగా మానేయండి.

ఎనర్జీ డ్రింకులు వద్దు. పిల్లలు, టీనేజర్లు వాటిని తాగకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. సంచీల్లో తెస్తారు కాబట్టి తలుపు దగ్గరే తీసుకుని, పొద్దున తిరిగి ఇచ్చేయండి.

11. ఆ రాత్రి

రాత్రి 8కి తలుపులు తెరిచి 9కి మూసేయండి. లోపలికి వచ్చినవాళ్ళు బయటికి వెళ్తే మళ్ళీ రానివ్వకూడదు. మధ్యలో ఎవరైనా వెళ్ళాలంటే తల్లిదండ్రులకు ఫోన్ చేసి, వాళ్ళు వచ్చి సంతకం పెడితేనే. టోర్నమెంట్ 9:30కి మొదలుపెట్టి 1 లోపు ముగించండి, ఆ తర్వాత ఓడినవాళ్ళకి కోపం, గెలిచినవాళ్ళకి నిద్ర. గంటకోసారి ఐదు నిమిషాలు అందరూ లేచి నిలబడాలి. ఆ విరామంలోనే ఎంత పోగైందో మైకులో చెప్పండి. అప్పుడే పిల్లలు ఇంకొందరికి మెసేజ్ పెడతారు.

నిద్ర వచ్చినవాళ్ళని నిద్రపోనివ్వండి. రాత్రంతా మేలుకోవడం పోటీ కాదని మొదట్లోనే మైకులో చెప్పాలి. గంటకోసారి తలలు లెక్కపెట్టి, షీటులో రాయండి.

12. పొద్దున ఇంటికి

ఈ గైడులో ఒక్క నియమమే పాటిస్తానంటే ఇది పాటించండి. రాత్రంతా మేలుకున్న పిల్లలు ఎవరూ కారు నడపకూడదు. లైసెన్సు ఉన్నా, ఇల్లు రెండు మైళ్ళే అయినా సరే. నిద్రలేని డ్రైవింగ్ ప్రాణాలు తీస్తుంది. అనుమతి పత్రంలోనే ఈ మాట రాసి, వచ్చేటప్పుడు కారు తాళం ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకుని కవర్లో పెట్టండి. 6:30కి తల్లిదండ్రులు లోపలికి వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళాలి. తెల్లవారుజాము షిఫ్టు చేసిన పెద్దలకూ ఇదే వర్తిస్తుంది. వాళ్ళని తీసుకెళ్ళడానికి ఇంట్లోంచి ఎవరైనా రావాలి, లేదా రైడ్ బుక్ చేసుకోవాలి.

13. లెక్క సరిచూడటం

చేతికి నగదు వస్తే ఇద్దరు పెద్దలు కలిసి లెక్కపెట్టి, కాగితం మీద ఇద్దరూ సంతకం చేసి, కవరు అంటించి స్పాన్సర్ టీచరుకి ఇవ్వండి. ఇంటికి తీసుకెళ్ళొద్దు.

వారంలోపు మూడు చూడండి. పేజీలో కనిపించే మొత్తం, పిల్లలు విడివిడిగా రాసుకున్న మొత్తం ఒకటేనా? తేడా ఉంటే సాధారణంగా ఎవరో టీము పేజీలో ఇచ్చినదాన్ని పిల్లాడు తన లెక్కలో రాసుకుని ఉంటాడు. 250 డాలర్లు, ఆ పైన ఇచ్చినవాళ్ళ దగ్గర రాతపూర్వక రసీదు ఉందా? ట్యాక్స్ మినహాయింపుకి అది తప్పనిసరి. వస్తువుల షీటులో సంతకం లేని వరుస ఏదైనా మిగిలిందా?

పిల్లలకి సర్వీస్ అవర్స్ రాయించేటప్పుడు ఆడిన గంటలు, పని చేసిన గంటలు విడగొట్టండి. వాటిలో ఏవి లెక్కలోకి వస్తాయో స్పాన్సర్ టీచరు చెబుతారు. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ మొత్తం ఎంతైందో, ఏ ఆసుపత్రికి వెళ్ళిందో రాసిన ఉత్తరం పది రోజుల్లో వెళ్ళాలి. ఇక కంపెనీ మ్యాచింగ్ ఆసుపత్రికి చేరడానికి నెలలు పట్టొచ్చు, దరఖాస్తుకి ఒక్కో కంపెనీకి ఒక్కో గడువు. ఎవరెవరు పెట్టారో, ఎవరిది ఆమోదం పొందిందో ఒక స్ప్రెడ్‌షీట్ పెట్టి, డిసెంబర్ మొదటి వారంలో పెట్టనివాళ్ళకి ఒక్కొక్కరికి ఫోన్ చేయండి. కొన్ని కంపెనీల గడువు డిసెంబర్ 31తో ముగుస్తుంది.